మా మామ గాలి తుపాకి

మంటకు దగ్గరికి జరగండ్రి బిడ్డా. వేట ముచ్చట అడిగిండ్రు గాబట్టి చెప్తున్న, గని ఇది పులుల ముచ్చట గాదు. పులులను కొట్టింది నవాబులు, దొరలు. మా మెదక్ దిక్కు పోచారం అడవి నిజాం వేట కోసమని పక్కకు పెట్టుకున్న అడవే. 1952ల గని అది అభయారణ్యం గాలె. మాసొంటోళ్లకు దక్కింది చేన్లు, కంచెలు, చెర్ల కట్టలు. అండ్ల దొరికే కౌజులు, పూరేళ్లు, గువ్వలు, మర్రి పండ్లకొచ్చే పచ్చ పావురాలు.

అప్పట్ల పిట్టను పట్టే తీర్లు మీకు తెల్వయి. ప్రతి పోరని మెడల గులేరు ఉండేది. మంచె మీద వడిసెల ఉండేది, గని అది జొన్న కంకుల మీదికెళ్లి పిట్టలను లేపెతందుకే. గుర్రం తోక వెంట్రుకలు పేని ఉచ్చులు పెట్టేటోళ్లు ఉండిరి. మర్రిపాలు, రావిపాలు కాచి బంక చేసి పుల్లలకు పూసేటోళ్లు ఉండిరి. దీమపు కౌజు అని ఒకటుండేది. పెంచిన పోతు కౌజును పంజరంల పెట్టి, చుట్టూ ఉచ్చులు పరిచి, దాన్ని కూయనిస్తరు. నా జాగల ఇంకోడు ఎవడు కూస్తున్నడని అడవి కౌజు కొట్లాటకొస్తది, కాలు ఉచ్చుల పడుతది. పొద్దుగాల పెట్టిన ఉచ్చుకాడికి పొద్దూకినంక పోయేటోళ్లు. అప్పటిదాక ఆ పిట్ట రెక్కలు కొట్టుకుంటనే ఉంటది, కాలు చర్మం లేచిపోతది. అది ఎవ్వరికి తప్పుగ కనపడకపోయేది. తిండికి పట్టేటోడు తిండికే పట్టిండు, వాణ్ణి నేను తిట్ట. గని ఆ కాలు నాకు ఇప్పటికీ యాదికున్నది.

ఇగ బర్మారు తుపాకులు. తుపాకిమందు కూరి, గుడ్డ కుక్కి, ఛర్రాలు పోసి, మళ్ల గుడ్డ కుక్కి, గువ్వల గుంపు మీద పేల్చేటోళ్లు. ఊరంత దద్దరిల్లేది. నాలుగు పడితే సంబురం. పడనియి ఎన్నింటికి ఛర్రా తాకిందో, ఎటుపోయి ఏ కంపల జచ్చినయో లెక్క అడిగినోడు లేడు.

అట్లాంటి ఊర్లకు మా మేనమామ గాలి తుపాకి తెచ్చిండు. ఆయిన కాజీపేటల రైల్వే పని. హైదరాబాదుల కొన్నడు, జర్మనీ సరుకు, డయానా. అప్పట్ల రాస్టాట్ అనే ఊర్ల చేసేటోళ్లు. దాని మీద ఒక బొమ్మ ఉండేది. వేట దేవత డయానా, చేతిల విల్లు కింద పడేసి, తుపాకిని తలమీదికి ఎత్తి పట్టుకున్నది. మా అమ్మమ్మ ఆ బొమ్మకు కుంకుమ పెట్టింది.

అండ్ల మందు లేదు, నిప్పు లేదు. గొట్టాన్ని కిందికి విరిస్తే లోపల స్ప్రింగు ఎనుకకు జరిగి కొక్కానికి తట్టుకుంటది. గొట్టం మొదట్ల ఒక్క ఛర్రా పెట్టి మళ్ల మూస్తం. ట్రిగ్గరు గుంజితే స్ప్రింగు ముందటికి దునుకుతది, దాని కొసకున్న తోలు వాషరు గాలిని ఒక్కసారి అదుముతది, ఆ గాలే ఛర్రాను నూకుతది. ఛర్రా అంటే గుండ్రటి గోలీ గాదు. నడుము సన్నగ, ఎనుక దిక్కు గుల్లగ ఉంటది. గాలి ఆ గుల్లల నిండి అంచును గొట్టం గాట్లకు ఒత్తుతది, అందుకే తిరుక్కుంట సీదా పోతది. మా మామది నాలుగున్నర మిల్లీమీటర్ల బోరు. ఛర్రా బరువు అరగ్రాము. అంతే. అరగ్రాము సీసం.

బర్మారోళ్లు నవ్విండ్రు. దీంతోని ఏం జస్తది, తొండనా అన్నరు. మామ వాళ్లతోని వాదం పెట్టుకోలె. నన్ను కొట్టం ఎనుకకు తోల్కపోయి చెప్పిండు: "అరే, వాళ్ల తుపాకికి బలమున్నది, ఎక్కడ తాకినా నడుస్తది అనుకుంటరు. మన దానికి బలం లేదు. గాబట్టి తాకవలసిన చోటనే తాకాలె. లేదంటే తుపాకి దించాలె." ఆయిన దగ్గర నేను నేర్సుకున్న వేటంత ఈ మాట ఎంబడే నడిచింది.

మొదలు పిట్టల జోలికి పోనియ్యలె. మట్టిగోడకు కాగితం అంటించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి చుట్టూ గీత గీసిండు. పది అడుగులేసే దూరంకెళ్లి ఐదు ఛర్రాలు కొట్టమన్నడు. ఐదుకు ఐదు గీత లోపల పడితే ఇంకో ఐదు అడుగులు ఎనుకకు. మళ్ల ఐదు. ఏ దూరంల ఒక్కటి గీత దాటిందో, ఆ దూరం నీది గాదు. దానికి ముందటి దూరమే నీది. గువ్వ తలకాయ మొత్తం ఆ రూపాయి బిళ్లల పడుతది. అండ్ల మెదడు సగం గూడ ఉండదు. మామది ముప్పై అడుగుల దూరం, నాది అంతకు చాన తక్కువ. నా దూరం ఆవల ఎన్ని గువ్వలున్నా అవి నాకు లేనట్టే. ముప్పై అడుగులు నడిచి లెక్కపెట్టుడు అందరికి వస్తది, గని చెట్టు కింద నిలబడి కంటితోని దూరం కొలుసుడు వేరు. అందుకని బజాట్ల నడుస్తుంటే అడిగేటోడు: ఆ బాయి గిలక ఎంత దూరం? ఆ కంబం ఎంత? నేను చెప్పాలె, తర్వాత అడుగులేసి చూడాలె. ఎన్ని నెలలు నడిచిందో ఆ ఆట. వేటంటే ఇదేనా అని నాకు కోపమొచ్చేది.

స్ప్రింగు తుపాకిని పట్టుకునే తీరు వేరు. గట్టిగ పట్టుకుంటే గురి తప్పుతది. ఎందుకంటే ఛర్రా ఇంక గొట్టంల ఉండంగనే లోపల స్ప్రింగు దునికి, తుపాకి ఒకసారి ఎనుకకు, ఒకసారి ముందటికి అదురుతది. నువ్వు బిగబట్టినకొద్ది ఆ అదురు తీరొక్కతీరుగ మారుతది. కోడిపిల్లను పట్టినట్టు పట్టాలె, జారొద్దు, నలగొద్దు. రాయి మీదనో కొమ్మ మీదనో గొట్టం ఆనిస్తే ఛర్రా పక్కకు పోతది, అరచేతిల ఆనించాలె. ఎండకాలం తోలు వాషరు ఎండుతది, గాలి కారుతది, దానికొక చుక్క నూనె చాలు. మా దోస్తు ఒకడు బలం పెరుగుతదని వాళ్ల తుపాకిల పల్లినూనె మస్తుగ పోసిండు. గాలి అదుముడుకు పుట్టే వేడికి లోపల నూనె అంటుకొని, ఢాం అన్నది, పొగొచ్చింది. వానికి సంబురమైంది. వారం తిరగకముందే స్ప్రింగు ఇరిగింది. ఇరిగింది పోనీ, అసలు సంగతి అది గాదు. అట్ల పేలితే ఒక ఛర్రా పైకి, ఒక ఛర్రా కిందికి పోతది. రెండు దెబ్బలు ఒక్కతీరుగ పడని తుపాకితోని జీవం మీద గురి పెట్టొద్దు.

ఇగ పిట్ట. గువ్వ నీ దిక్కు మొకం పెట్టి కూసున్నదనుకో. రొమ్ము ఎంత పెద్దగ కనపడుతది! కొత్తోడు అక్కడనే కొడుతడు. గని పొద్దంత చేన్ల మేసొచ్చిన గువ్వకు మెడ కింద మేత సంచి ఉంటది, జొన్నలతోని గట్టిగ నిండి ఉంటది. అరగ్రాము ఛర్రా ఆ జొన్నలల్ల ఆగిపోతది. పిట్ట ఎగిరిపోతది, మనం తప్పిపోయిందనుకుంటం. అది తప్పిపోలె, ఎక్కడనో ఒక కొమ్మ మీద రెండు రోజులకు జస్తది. గాబట్టి అది పక్కకు తిరిగేదాక ఆగాలె. తలకాయ పక్కకెళ్లి కనపడితే కన్ను ఎనుక. వీపు కనపడితే రెండు రెక్కల మొదళ్ల నడుమ. తిరగకపోతే? తిరగకపోతే ఇంటికి పోవాలె. నడుమ ఒక్క ఆకు అడ్డమున్నా కొట్టొద్దు, ఆకు తాకిన ఛర్రా దారి మారుతది. పిట్ట ఎనుక ఆకాశం తప్ప ఏం లేకుంటే కొట్టొద్దు, ఆ ఛర్రా ఎవరి వాకిట్ల పడుతదో. ఛర్రా తాకి కన్ను పోయినోళ్లున్నరు బిడ్డా, ఇది ఆట సామాను గాదు.

చెరువు అలుగు కాడ ఒక ముసలి మర్రి ఉండేది. పండ్లు ఎర్రబడ్డయంటే పచ్చ పావురాలు దిగేటియి. పసుపు కాళ్లు, ఆకుపచ్చ ఒళ్లు. కింద నిలబడి చూస్తే ఆకులే. ఒక పండు రాలి మన మీద పడుతది, తలెత్తి ఆ జాగను కన్నార్పకుండ చూస్తే మెల్లగ ఒక మెడ కదులుతది. ఒకటి కనపడ్డంక పక్కన ఇంకోటి, దాని మీది కొమ్మకు ఇంకోటి. చెట్టు నిండ అవే అని అప్పుడు తెలుస్తది. అసొంటి చెట్టు కింద మామ పొద్దూకేదాక నిలబడి, ఒక్క ఛర్రా గూడ కొట్టకుండ మర్లొచ్చిన రోజులు చాన ఉన్నయి. ఒకదానికి ఆకు అడ్డం, ఒకటి దూరం, ఒకటి మొకం ఇటు పెట్టింది. అమ్మమ్మ ఎసరు పెట్టుకొని కూసుంటది, ఈయిన ఉత్త చేతులతోని వస్తడు. ఆమె సణిగేది. ఆయిన చింతపులుసు పోసుకొని తిని, ఆ చెట్టు మీద ఎన్ని ఉండెనో నాకు సంబురంగ చెప్పేటోడు.

గువ్వలతోని ఇంకొక చిక్కున్నది. కౌజులు ఎండకాలం మొదలు వానలదాక ఎక్కువ గుడ్లు పెడుతయి, ఆ నెలలు వాటిని ముట్టొద్దంటే సరిపోతది. గువ్వలకు అట్ల గాదు. అవి ఏడాది పొడుగుత ఎప్పుడన్న గూడు పెడుతయి, రెండు గుడ్లు. తల్లి తండ్రి రెండూ తమ మేత సంచిలకెళ్లే పిల్లలకు పాలసొంటిది తాపుతయి. ఒక్కదాన్ని కొడితే గూట్ల పిల్లలకు సగం తిండి పోయినట్టే. అందుకని మామ ముందుగాల చూస్తుండేటోడు. ముక్కున పుల్ల పట్టుకొని ఎగురుతున్నదా? మేసి మేసి ఒక్క కంపలకే మర్లి మర్లి పోతున్నదా? అట్లుంటే ఆ దిక్కే పోకపోయేది. ఎండలు ముదిరినంక కుంటల ఇన్ని నీళ్లు మిగులుతయి, ఊరి పిట్టలన్ని ఆ నీళ్లకే రావాలె. అక్కడ కొట్టుడు చాన అలక. మామ అక్కడికి తుపాకి తీస్కపోనేలేదు. పాలపిట్ట మాట ఎత్తొద్దు, దసరా నాడు దాన్ని చూసి దండం పెట్టేటోళ్లం. చెవులపిల్లి మీద గూడ ఎత్తకపోయేది. దొరికితే పది మందికి కూర, నిజమే, గని మన తుపాకికి అది పెద్ద జీవం. మంచి దగ్గరకెళ్లి, తలకాయల ఖాయంగ పడితే తప్ప అది నిలువదు, పరిగెత్తి ఏ పొదలనో, కడుపుల సీసం పెట్టుకొని జస్తది.

ఒకసారి మా ఊరికి పట్నంకెళ్లి చుట్టమొచ్చిండు. పేరెందుకులే. మామను అడిగి తుపాకి తీసుకున్నడు. ఊరి చుట్టమాయె, కాదనలేకపోయిండు. తుమ్మచెట్టు మీద గువ్వ, అటీటు యాభై అడుగుల దూరం. మామ వద్దు దూరమన్నడు. ఆయిన కొట్టనే కొట్టిండు. ఈకలు రెండు లేచినయి, గువ్వ వంకర్లు తిరుక్కుంట కంచెలకు పోయి పడ్డది. చుట్టం నవ్విండు, తాకింది చూసినవా అన్నడు. తాకిందని తన గురికి మురుసుకుంటున్నడు. మామ ఏం మాట్లాడలె. తుపాకి నా చేతికిచ్చి కంచెలకు పోయిండు. పొద్దుగూకింది. నన్ను పంపి కందీలు తెప్పిచ్చిండు. తుమ్మముండ్లు చేతులు గీరుతున్నయి, అన్నానికి రమ్మని ఇంటికాడికెళ్లి రెండుసార్లు మనిషొచ్చిండు. ఆయిన వంగి వంగి ప్రతి పొద కింద కందీలు పెట్టి చూసిండు. ఆఖరికి ఒక రేగు పొద అడుగున దొరికింది. రెక్క ఇరిగి, కండ్లు తెరుసుకొని కూసున్నది. మెడ ఒక్క గుంజుల తీసిండు. తెల్లారి చుట్టం మళ్ల తుపాకి అడిగిండు. మామ కాగితం ముక్క, రూపాయి బిళ్ల ఆయిన చేతిల పెట్టి, గోడ అటున్నదన్నడు. చుట్టానికి కోపమొచ్చింది, ఆ పొద్దే బండెక్కిండు. మా అమ్మమ్మ మామను తిట్టింది. నేను మాత్రం మామ దిక్కే ఉన్న, ఇప్పటికీ ఆయిన దిక్కే.

కొట్టిన పిట్టను ఎన్నడు పారెయ్యలె. ఈకలు పీకి మంట మీద కమిరించి, ఛర్రా వెదికి తీసి, అల్లం, ఎర్రకారం పెట్టి వండితే జొన్నరొట్టెలకు కమ్మగుండేది. మనిషికి రెండు ముక్కలు. ఆ కూర రుచి చెప్తే మీకు నోరూరుతది, అది వద్దు గని, ఇంకో సంగతి చెప్త.

పిట్టల పెద్ద సాలిం అలీ పేరు బడిల చదివిండ్రు గదా. ఆయిన గూడ గాలి తుపాకి పిల్లగాడే. బొంబాయిల చిన్నప్పుడు ఒక పిచ్చుకను కొట్టిండు. దాని గొంతు మీద పసుపుపచ్చ మచ్చ ఉన్నది. ఇదేం పిచ్చుక అని మేనమామను అడిగితే, ఆయిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపిండు. అక్కడ మిలార్డ్ అనే తెల్లదొర ఆ పిల్లగాన్ని కూసోబెట్టుకొని పిట్టల బొమ్మలు, దాచిపెట్టిన పిట్టలు చూపిచ్చిండు. ఆ పిల్లగాని బతుకే మారింది. మన హైదరాబాదు సంస్థానంల పిట్టల లెక్క 1931-32ల తీసింది ఆయిననే. మనం రోజు చూసే గువ్వలను, కౌజులను ఒక మనిషి ఊరూరు తిరిగి రాసిపెట్టిండంటే నాకు ఇప్పటికీ గర్వమే. ఆయిన ముసలితనంల రాసుకున్న బతుకు కథకు ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నడు, 1985ల అచ్చయింది. మా మామ చదువుకోలె, ఆ పుస్తకం చూడలె. గని కొట్టిన పిట్టను చేతిల పట్టుకొని రెక్క ఇప్పి, ఒక్కొక్క ఈక రంగు నాకు చూపేటోడు. మేనమామలంటే అట్లనే ఉండాలె.

1972ల వన్యప్రాణి సంరక్షణ చట్టమొచ్చింది. మొదట్ల చిన్న వేటకు లైసెన్సు ఇచ్చేటందుకు దాంట్ల తోవ ఉండె. 1991 సవరణతోని ఆ తోవ గూడ మూసిండ్రు. కౌజు, పూరేడు, గువ్వ, చెవులపిల్లి, వేటిని కొట్టినా నేరమే. ఎయిర్‌గన్ ఇంట్ల ఉండుడు వేరు, దాంతోని అడవి జీవాన్ని కొట్టుడు వేరు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం ఇరవై జౌళ్ల శక్తి, 0.177 అంగుళాల బోరు దాటని దానికి లైసెన్సు అక్కర్లేదు, దాన్ని పట్టుకొని కొందరు వేటకు గూడ అడ్డం లేదనుకుంటరు. తప్పు. చట్టం తుపాకిని చూస్తలేదు, పిట్టను చూస్తున్నది. ఆ మూసుడు మంచిదే అయిందంట నేను. మా కాలంల చేనుకు చేనుకు నడుమ కంచెలుండె, ఒడ్ల మీద గడ్డి ఉండె, ఊరంత జొన్న ఉండె. ఇప్పుడు పత్తి ఉన్నది, మందులున్నయి, ఒడ్లు గూడ చెక్కి సాపు చేసిండ్రు. కౌజు ఎక్కడ దాగాలె, ఎక్కడ గుడ్లు పెట్టాలె? మామ ఎంత చక్కగ గురి పెట్టినా, ఇయ్యాల్రేపు మన దగ్గర ఒక్క పిట్టను గూడ తియ్యొద్దు. కౌజు కూర తినాలనుంటే ఫారాలల్ల జపాను జాతివి పెంచి అమ్ముతున్నరు, తినండ్రి.

మా చెల్లె మనుమడు ఇంగ్లండుల ఉంటడు. అక్కడ చేన్లు పాడుచేసే కుందేళ్లను, కొన్ని రకాల పావురాలను గాలి తుపాకితోని కొట్టుడు ఇంక నడుస్తున్నదట. పన్నెండు ఫుట్ పౌండ్లు, అంటే పదహారు జౌళ్ల దాక లైసెన్సు అడగరు. స్కాట్లాండుల మాత్రం 2016 ఆఖరు నుంచి లైసెన్సు కావాలె. వానికి తెలిసిన ఒక రైతు చెప్పేదంత ఫోన్ల నాకు చెప్పిండు: ముప్పై గజాల లోపల, తలకాయల, కాగితం మీద రుజువు చేసుకున్న దూరం దాటకుండ. నేను ఇనుకుంట ఇనుకుంట, ఇదంత మా మామ చెప్పిందే గదా అనుకున్న. ఆ రైతుకు, మా మామకు భాష కలువదు. గొట్టం ముందట జీవం ఒక్కతీరుదే గదా.

మన దేశంలనే అరుణాచల్‌ల ఇంకో తీరు నడిచింది. అక్కడ చాన ఇండ్లల్ల గాలి తుపాకి ఉండేది, అడవుల పిట్టలు తగ్గిపోయినయి. 2021 మార్చిల సర్కారు మీ తుపాకులు మీరే అప్పజెప్పండ్రి అని ఊర్లకు పోయి అడిగింది. మొదటి ఊర్లనే జనం ముందుకొచ్చి ఇచ్చిండ్రు, తర్వాత వందలకు వందలు వచ్చినయి. తాత తండ్రుల కాలంకెళ్లి వేట మీద బతికినోళ్లు, ఎవ్వరు గుంజుకోకముందే తెచ్చి పెట్టిండ్రు. అది చిన్న పని గాదు. వాళ్లకు నేను చేతులెత్తి మొక్కుత.

మరి నేర్సుకున్న గురి ఏం గావాలె అంటవా? దానికి జాగ ఉన్నది బిడ్డా. అదే నాలుగున్నర మిల్లీమీటర్ల ఛర్రా, పది మీటర్ల దూరం, కాగితం. నడుమ పది మార్కుల చుక్క అడ్డం అర మిల్లీమీటరే ఉంటది. ఆ ఆటల 2008ల బీజింగ్ ఒలింపిక్స్‌ల అభినవ్ బింద్రా బంగారం తెచ్చిండు. 2012ల లండన్‌ల కంచు తెచ్చిన గగన్ నారంగ్ మన హైదరాబాదుల పెరిగిన పిల్లగాడే. పిస్తోలు పట్టే ఈషా సింగ్ గూడ మన హైదరాబాదు పిల్లనే. వాళ్లు ట్రిగ్గరు గుంజెతందుకు ముందు తుపాకిని ఎన్నిసార్లు దించుతరో టీవీల చూడండ్రి. గురి కుదరలేదనిపిస్తే దించుతరు, ఊపిరి తీసుకుంటరు, మళ్ల ఎత్తుతరు.

రేపు పొద్దుగాల బర్ల కొట్టం ఎనుక మట్టిగోడకు కాగితం అంటిద్దాం. కండ్లకు అద్దాలు లేనిదే ఎవ్వరు దగ్గరికి రావొద్దు. కోళ్లను, పిల్లలను ముందుగాల లోపలికి తోలాలె. పది అడుగులకెళ్లి మొదలు, ఐదుకు ఐదు. రూపాయి బిళ్ల మాత్రం మీ అవ్వను అడిగి తెచ్చుకోండ్రి, నా దగ్గర చిల్లర లేదు.